బ్రేకు తొక్కితే ట్రక్కు లైట్లు వెలగాల్సింది పోయి ఆరిపోతున్నాయి

వరికుప్ప
ట్రాక్టరు విడిగా ఉంటే అన్ని లైట్లూ బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి. ట్రక్కు తగిలించి 7 పిన్నుల ప్లగ్గు పెడితేనే గొడవంతా. లైటు స్విచ్చి వేస్తే ట్రక్కు వెనక ఎర్ర లైట్లు రెండూ వస్తాయి, కాస్త డల్లుగా. బ్రేకు తొక్కగానే వెలుగు పెరగాల్సింది పోయి దాదాపు ఆరిపోతున్నాయి. అదే సమయంలో ట్రక్కు ఇండికేటర్లు రెండు వైపులా మసగ్గా వెలుగుతున్నాయి. లైట్లు ఆపేసి ఒట్టి ఇండికేటరు వేస్తే ట్రాక్టరు మడ్‌గార్డు మీది బ్రేకు లైటు దాంతోపాటే మిణుకుమంటోంది. బల్బులన్నీ కొత్తవి, ఫ్యూజులు బాగానే ఉన్నాయి. మా ఊరి ఎలక్ట్రీషియను ఫ్లాషరు (ఇండికేటర్లని మిణుకుమనిపించేది) పోయింది, వైరింగు కూడా మొత్తం మార్చాలి అంటున్నాడు. కోతలు దగ్గరకొచ్చాయి, ధాన్యం మిల్లుకి తోలేది రాత్రిళ్లే. వైరింగు పీకేముందు ఏమేం చూడాలి?

బుల్లోడు_తణుకు
ముందు ఫ్లాషరు మార్చి చూడండి. చవకలో పోయేది అదే.

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
ఫ్లాషరు జోలికి వెళ్లొద్దు. బ్రేకు లైటు లైనులో ఫ్లాషరే ఉండదు, దానికీ బ్రేకు తొక్కితే ఆరిపోవడానికీ సంబంధం లేదు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే జబ్బువి: ట్రక్కుకి ఎర్తు లేదు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి లేదు. వైరింగు మొత్తం మార్చి ఎర్తు అలాగే వదిలేస్తే కొత్త వైర్లతో కూడా ఇదే ఆట ఆడుతుంది.

కొబ్బరాకు
అవి 12 వోల్టుల బల్బులేనా? లారీ సామాన్ల షాపులో తెస్తే ఒక్కోసారి 24 వోల్టులవి చేతిలో పెడతారు. చూడ్డానికి రెండూ ఒకటే. 12కి పెడితే దీపంలాగ మిణుకుతుంది అంతే. బల్బు ఇత్తడి టోపీ మీద చిన్న అక్షరాల్లో గుద్ది ఉంటుంది, చూడండి.

వరికుప్ప
కొబ్బరాకు గారూ, చూశాను. 12 వోల్టులు, 21/5 వాట్లు అని ఉంది. ఇండికేటరు బల్బులు 12 వోల్టులు 21 వాట్లు.

నంద్యాల_మెట్ట
ఎర్తు ఎట్ల పోతుందప్పా? ట్రక్కు ఇనుమే, ట్రాక్టరు ఇనుమే, మధ్యలో హుక్కు పిన్ను ఇనుమే. లోడు పడితే టన్నుల బరువు దాని మీదే ఉంటుంది. అంతకన్నా గట్టి కాంటాక్టు ఏముంది? మా పక్క సగం ట్రక్కులకి ఎర్తు వైరే ఉండదు, అన్నీ వెలుగుతున్నాయి.

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
మెట్ట గారూ, ఆ పిన్నుని ఒకసారి బయటికి లాగి చూడండి. పైన గ్రీజు, దాని మీద దుమ్ము, కింద తుప్పు, రింగు లోపల రంగు. బరువు పడితే ఒక అంచున తగులుతుంది, రోడ్డు మీద గుంతలో పడగానే వదిలేస్తుంది. ట్రక్కు నిలబడేది రబ్బరు టైర్ల మీద, అందుకని కరెంటుకి తిరిగి రావడానికి వేరే దారే లేదు. మీ పక్క వెలుగుతున్నవి నిలబడి ఉన్నప్పుడు వెలుగుతున్నాయి. వెనకాల బైకు మీద రెండు కిలోమీటర్లు నడిపి చూస్తే తెలుస్తుంది.

కరీంనగర్_కర్షక్
మీరు ట్రక్కు అంటరు, మేం ట్రాలీ అంటం, రోగం మాత్రం ఒకటే 😀 ఖాళీ ట్రాలీకి లైట్లు ఎగురుతయి, లోడు ఏస్తే నిలకడగ ఉంటయి అంటే అది హుక్కు ఎర్తే. ఇంకా చూసుడు అవసరం లేదు.

వరికుప్ప
ఒక సంగతి చెప్పడం మర్చిపోయా. తొట్టి లేపే హైడ్రాలిక్ పైపు తగిలించి ఉంటే లైట్లు కొంచెం మెరుగ్గా ఉంటున్నాయి. పైపు తీసేస్తే మళ్లీ మామూలే. ఇది నా భ్రమా?

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
భ్రమ కాదు. ఆ రబ్బరు పైపు లోపల ఉక్కు తీగల అల్లిక ఉంటుంది, రెండు చివర్లా ఇనుప ఫిట్టింగులు దాన్ని కొరుక్కుని ఉంటాయి. మీ ట్రక్కు ఎర్తు ప్రస్తుతం ఆ పైపులోంచి వస్తోంది. ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నూనె పైపు పని నూనె మోయడం. కరెంటు దాంట్లోంచి పోనివ్వకండి.

బుల్లోడు_తణుకు
సరే, ఫ్లాషరు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎర్తు లేకపోతే అసలు వెలక్కూడదు కదా? మరి డల్లుగా ఎందుకు వెలుగుతున్నాయి, బ్రేకు తొక్కితే ఎందుకు ఆరుతున్నాయి? అదొక్కటి అర్థమయ్యేలా చెప్పండి సీనన్నా.

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
21/5 బల్బులో తీగలు రెండు. 5 వాట్లది రాత్రి లైటు, 21 వాట్లది బ్రేకు. రెండిటి రెండో కొస బల్బు టోపీకి కలిసి ఉంటుంది, టోపీ హోల్డరుకి, హోల్డరు ట్రక్కు బాడీకి. బాడీ నుంచి ట్రాక్టరుకి దారి తెగింది అనుకోండి.

లైటు వేస్తే కరెంటు 5 వాట్ల తీగలోంచి బాడీకి వస్తుంది. అక్కడ దారి లేక 21 వాట్ల తీగలోకి ఎదురెక్కి, బ్రేకు వైరు పట్టుకుని ట్రాక్టరు దాకా వెళ్లి, ట్రాక్టరు బ్రేకు బల్బులోంచి ఎర్తు అవుతుంది. 21 వాట్ల తీగకి నిరోధం తక్కువ, ఎక్కువ వోల్టేజీ 5 వాట్ల దాని మీదే పడుతుంది. అందుకని కాస్త డల్లుగానైనా వెలుగుతుంది.

ఇప్పుడు బ్రేకు తొక్కారు. బ్రేకు వైరులోకీ 12 వోల్టులు వచ్చాయి. ఆ తిరుగు దారి మూసుకుపోయింది. మిగిలింది ఇండికేటర్లు. కరెంటు బాడీలోంచి ఇండికేటరు బల్బుల్లోకి ఎదురెక్కి, ఆ వైర్ల మీద ట్రాక్టరు ఇండికేటర్లలోంచి ఎర్తు అవుతుంది. ఒకే 12 వోల్టుల్ని మూడు బల్బులు వరసలో పంచుకుంటున్నాయి. అందుకే ఎర్ర లైట్లు చావబడి, ఇండికేటర్లు మసగ్గా వెలుగుతాయి. ఇండికేటరు వేస్తే ట్రాక్టరు బ్రేకు లైటు మిణుకుమనడం కూడా ఇదే, ఎదురు దిక్కులో.

బుల్లోడు_తణుకు
ఇన్నాళ్లూ దీన్ని వైర్లు ఒకదానికొకటి అంటుకోవడం అనుకునేవాళ్లం. దండం.

పంటకాలువ
ఒక చిన్న తేడా జోడిస్తా. ఒక్క ఎడమ వైపు లైటే ఇలా చేసి కుడిది బాగుంటే హుక్కుని అనుమానించొద్దు. ఆ ఒక్క లైటు బాడీకి బిగించిన బోల్టు దగ్గర తుప్పు. రెండూ కలిసి చేస్తే ట్రక్కు మొత్తానికి ఎర్తు లేదు. ఈ ఒక్కటి గమనిస్తే గంట పని పది నిమిషాల్లో తేలుతుంది.

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
వరికుప్ప గారూ, ఊహ మీద పోకుండా కొలిచి చూడండి. మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. హైడ్రాలిక్ పైపు తీసేయండి, ప్లగ్గు పెట్టే ఉంచండి. మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్ బుడిపె మీద, ఎర్ర వైరు ట్రక్కు ఛాసీ మీద రంగు గీకిన చోట. వైరు అందకపోతే ఏదైనా వైరు ముక్కతో పొడిగించుకోండి, మీటరుకి పర్వాలేదు. ఒకరు లైట్లు వేసి బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఇప్పుడు ఎంత చూపిస్తుందో అంత వోల్టేజీ ఎర్తులో పోతున్నట్టు లెక్క. 0.3 లోపు ఉంటే మంచిదే. 1 దాటితే ఎర్తు జబ్బు.

తర్వాత ఒక లావుపాటి వైరు ట్రాక్టరు ఛాసీ నుంచి ట్రక్కు ఛాసీకి తాత్కాలికంగా కట్టి మళ్లీ చూడండి. స్టార్టింగుకి వాడే జంపరు కేబులు ఒకటి చాలు.

కరీంనగర్_కర్షక్
మీటరు ఎందుకన్నా, టెస్టు ల్యాంపు చాలు. హోల్డర్ల బల్బు, రెండు వైర్లు. అయిపాయె.

పంటకాలువ
కర్షక్ గారు చెప్పినదాంట్లో విషయం ఉంది. మీటరుతో ఒక మోసం జరుగుతుంది. బల్బు తీసేసి ఖాళీ హోల్డరులో కొలిస్తే, వైరులో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు పారడం లేదు కాబట్టి వోల్టేజీ తగ్గదు. "కరెంటు బాగానే వస్తోంది" అనుకుని బల్బులు మార్చుకుంటూ పోతాం. 21 వాట్ల బల్బుతో చేసిన టెస్టు ల్యాంపు పెడితే 1.75 ఆంపియర్లు లాగుతుంది, పుచ్చిపోయిన వైరు బండారం వెంటనే బయటపడుతుంది. టెస్టరులో వచ్చే సన్న బల్బు, ఎల్ఈడీ పనికిరావు. మీటరుతో కొలిచినా బల్బు వెలుగుతుండగానే కొలవాలి, సీనన్న చెప్పినట్టు.

వరికుప్ప
కొలిచాను. పైపు తీసేసి, లైట్లు వేసి బ్రేకు తొక్కితే 6.8 వోల్టులు. పైపు తగిలిస్తే 2.3. జంపరు కేబులు కడితే 0.2, లైట్లు పగలు కూడా కొట్టొచ్చినట్టు వెలిగాయి! ప్లగ్గు విప్పి చూస్తే 3వ నంబరు పిన్ను ఖాళీ, అసలు వైరే లేదు. ట్రక్కు వైపు తెల్ల వైరు కత్తిరించి టేపు చుట్టేసి ఉంది. రంగులు కూడా ఎలా పడితే అలా ఉన్నాయి. ఏ పిన్నుకి ఏది రావాలో ఎవరైనా రాయండి, ఈసారి సరిగ్గా కలుపుతా.

పంటకాలువ
7 పిన్నుల గుండ్రటి ప్లగ్గుకి వరస ఇది. నంబర్లు ప్లగ్గు లోపల ప్లాస్టిక్ మీద పోతపోసి ఉంటాయి, టార్చి వేస్తే కనిపిస్తాయి.

1 – ఎడమ ఇండికేటరు, పసుపు
2 – అదనపు లైను, నీలం
3 – ఎర్తు, తెలుపు
4 – కుడి ఇండికేటరు, ఆకుపచ్చ
5 – కుడి వెనక లైటు, గోధుమ
6 – బ్రేకు, ఎరుపు
7 – ఎడమ వెనక లైటు, నలుపు

రంగుని నమ్మొద్దు, నంబరుని నమ్మండి. ముందు ట్రాక్టరు సాకెట్టులో ఒక్కో లైటూ వేసి ఏ నంబరులో కరెంటు వస్తోందో టెస్టు ల్యాంపుతో రాసుకోండి. చాలా ట్రక్కులకి 5, 7 కలిపేసి ఒకే వైరు లాగుతారు, 2 ఖాళీగా ఉంటుంది. అది తప్పేం కాదు. అన్నిట్లోకీ జాగ్రత్త నలుపు దగ్గర. నలుపంటే ఎర్తు అనుకుని 7ని ఛాసీకి బిగిస్తే లైటు వేయగానే ఫ్యూజు పోతుంది.

నంద్యాల_మెట్ట
పైపుతో 2.3, లేకుండా 6.8... ఒప్పుకుంటున్నానప్పా. మా ట్రక్కుకి కూడా రేపు కొలుస్తా.

వరికుప్ప
వైరు ఏ సైజు తీసుకోవాలి? ఇంట్లో ఫ్యాన్లకి వేసిన వైరు చుట్ట మిగిలింది, అది వాడొచ్చా?

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
ఒంటి తీగ హౌస్ వైరు అయితే వద్దు. అదురుకి వారం పది రోజుల్లో లోపలే తెగుతుంది, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, మీరు పిచ్చెక్కిపోతారు. సన్న పోగుల ఫ్లెక్సిబుల్ వైరు కావాలి.

లెక్క చూడండి. రెండు బ్రేకు బల్బులు 42 వాట్లు, రెండు వెనక లైట్లు 10, నంబరు ప్లేటు 5, ఒక ఇండికేటరు 21. అన్నీ ఒకేసారి వెలిగితే 78 వాట్లు, అంటే 6.5 ఆంపియర్లు. ఇదంతా ఒక్క ఎర్తు వైరులోంచే తిరిగి రావాలి. అందుకని ఎర్తుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్రేకుకి 1.5, మిగతావాటికి 1 సరిపోతుంది. అన్నీ ఒకే సైజు కొనాలంటే 1.5 వేసి ఎర్తుకి రెండు వైర్లు జంటగా లాగండి.

ప్లగ్గు నుంచి వెనక లైటు దాకా ట్రక్కు పొడవుకి ఇంకో మీటరు కలిపి కోయండి. మధ్యలో అతుకు ఉండకూడదు. ఎర్తుని ట్రక్కు ఛాసీకి ముందు వైపు ఒకచోట బిగించి ఊరుకోవద్దు. ఆ వైరునే వెనక దాకా తీసుకెళ్లి ఒక్కో లైటు హోల్డరుకీ కలపండి. అప్పుడు లైటు బోల్టు తుప్పు పట్టినా మీకు బాధ లేదు.

ఛాసీకి బిగించేచోట రంగు గీకి మెరిసే ఇనుము కనిపించాలి, పళ్లున్న వాషరు వేసి నట్టు బిగించాలి, ఆ తర్వాతే పైన రంగు పూయాలి. రంగు మీద లగ్గు (వైరు కొసకి నొక్కే లోహపు ముక్క) పెట్టి ఎంత బిగించినా ఎర్తు రాదు. కొత్తగా రంగు వేయించిన ట్రక్కులే ఎక్కువ వస్తాయి ఈ రోగంతో.

కొబ్బరాకు
అతుకులు తప్పనిసరైతే టంకం వేయించండి. మెలి తిప్పి టేపు చుట్టే పని మాత్రం వద్దు, ఎండకి జిగురు కారిపోయి టేపు విడిపోతుంది.

రొయ్యలచెరువు
టంకం నేను ఒప్పుకోను. టంకం ఎక్కినంత మేరా పోగులు ఒకే కడ్డీలా బిగుసుకుపోతాయి, ఆ కడ్డీ ఆగిన అంచు దగ్గర అదురుకి విరుగుతుంది. సరైన సైజు గొట్టపు లగ్గు వేసి క్రింపింగు ప్లయరుతో నొక్కి, పైన లోపల జిగురున్న హీట్ స్లీవు వేడి చేసి ముడిచేయడం మేలు. కటింగ్ ప్లయరుతో నొక్కినది క్రింపింగు కాదు, లాగితే ఊడొస్తుంది. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడండి.

కొబ్బరాకు
వైరు రెండు పక్కలా క్లిప్పు వేసి కదలకుండా కడితే టంకం విరగదు.

రొయ్యలచెరువు
కట్టినన్నాళ్లూ విరగదు, నిజమే. క్లిప్పు ఊడిన రోజున విరుగుతుంది. ఉప్పు నీటి పక్కన ఇంకో సమస్య. ఐసు, రొయ్యల టబ్బులు వేసే ట్రక్కులకి ఉప్పు నీళ్లు కారుతూనే ఉంటాయి. వైరు కొస నుంచి తొడుగు లోపలికి పాకి రాగి నల్లబడుతుంది, పైకి పచ్చటి పొడి కనిపిస్తుంది. ఆ నల్ల రాగికి టంకం అంటదు, లగ్గు నొక్కినా కాంటాక్టు రాదు. ఎర్రటి మెరిసే రాగి వచ్చేదాకా రెండంగుళాల చొప్పున కోసుకుంటూ పోవడమే. అడుగు దాటినా నల్లగానే ఉంటే ఆ వైరు పారేయండి. యూరియా, డీఏపీ బస్తాలు తోలే ట్రక్కులకీ ఇదే పరిస్థితి. ఎరువు పొడికి తేమ తగిలితే రాగిని ఉప్పు కన్నా తక్కువేం తినదు.

హ్యూస్టన్_తెలుగు
ఇక్కడ పడవల ట్రైలర్లకి అచ్చం ఇదే. గాల్వెస్టన్ వైపు సముద్రంలో ట్రైలరుని వెనక్కి నడిపి సగం దాకా ముంచి పడవ దించుతారు. ఆ ఉప్పు నీళ్లకి మొదట పోయేది ఎర్తే. ఇక్కడ చిన్న ట్రైలర్లకి 4 వైర్లే: తెలుపు ఎర్తు, గోధుమ వెనక లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బ్రేకుకీ ఇండికేటరుకీ బల్బు ఒక్కటే. హుక్కు గుండు మీద ఎర్తుకి ఆధారపడొద్దు అనేది ఇక్కడా మొదటి సూత్రం. ఇంకొకటి, నీళ్లలోకి దించేముందు ప్లగ్గు పీకేస్తారు. వెలిగి వేడెక్కిన బల్బుకి చల్ల నీళ్లు తగిలితే గాజు పగులుతుంది. కరెంటున్న కాంటాక్టులు ఉప్పు నీళ్లలో ఉంటే రాగి ఇంకా వేగంగా తినేస్తుంది.

రొయ్యలచెరువు
మంచి మాట చెప్పారు. టబ్బులు కడిగేటప్పుడు మేమూ ప్లగ్గు పీకేస్తే సరిపోతుంది.

పంటకాలువ
దమ్ము చేసేటప్పుడు కూడా ట్రాక్టరు సాకెట్టు మూత వేసి ఉంచండి. స్ప్రింగు మూత విరిగిపోయి ఉంటుంది సగం ట్రాక్టర్లకి. సైకిలు ట్యూబు ముక్క తొడిగినా చాలు. సాకెట్టులో బురద ఎండాక స్క్రూడ్రైవరుతో గోకొద్దు, ఇత్తడి గొట్టాలు వెడల్పైపోతాయి. పాత టూత్ బ్రష్, కాస్త పెట్రోలు. బ్యాటరీ వైరు తీసేసి చేయండి. ఆరాక వాసిలిన్ పల్చగా పూయండి.

వరికుప్ప
3వ పిన్నుకి 2.5 వైరు వేసి వెనక దాకా లాగాను. లైట్లు, బ్రేకు, ఇండికేటర్లు అన్నీ అద్భుతం. పైపు తీసినా 0.2 దాటట్లేదు. కానీ కొత్త తలనొప్పి. ఇవాళ ఇసుక దించుదామని తొట్టి లేపితే బ్రేకు ఫ్యూజు పోయింది. 10 ఆంపియర్లదే మళ్లీ వేశా. తొట్టి దించి ఉన్నంతసేపూ బాగుంది, లేపి బ్రేకు తొక్కగానే మళ్లీ పోయింది. ఎర్తు కొత్తగా వేయడం వల్లనా?

నంద్యాల_మెట్ట
ఫ్యూజు 20 వేసి చూడప్పా.

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
మెట్ట గారూ, దయచేసి ఆ సలహా వద్దు. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా కాపాడటానికి. 20 వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, వైరు ఎర్రబడి కాలుతుంది. పక్కనే డీజిలు పైపు, వెనక గడ్డి లోడు. ఫ్యూజు బదులు రాగి పోగు చుట్టడం కూడా అంతే ప్రమాదం.

వరికుప్ప గారూ, ఎర్తు వల్ల షార్టు పుట్టలేదు, ఉన్న షార్టు బయటపడింది. ఇదివరకు ట్రక్కు బాడీకి సరైన ఎర్తే లేదు కాబట్టి బ్రేకు వైరు బాడీకి తగిలినా ఫ్యూజుని కొట్టేంత కరెంటు పారేది కాదు. ఇప్పుడు దారి దొరికింది.

పంటకాలువ
తొట్టి తిరిగే పిన్ను దగ్గర చూడండి. ఛాసీ నుంచి తొట్టికి వైరు దాటే చోట బిగుతుగా ఉంటే లేపినప్పుడు లాగబడుతుంది, దించినప్పుడు రెండు ఇనుముల మధ్య నలుగుతుంది. అక్కడ తొడుగు కోసుకుపోయి ఉంటుంది.

ఫ్యూజులు వరసగా తగలెట్టకుండా వెతకాలంటే, ఫ్యూజు తీసి, దాని కాళ్లు దూరే రెండు కాంటాక్టుల మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. షార్టు అయితే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, షార్టు పోగానే కాస్త మసగబారుతుంది. వైరు పూర్తిగా షార్టైనా 1.75 ఆంపియర్లకి మించి పారదు, ఏదీ కాలదు. తొట్టి లేపి, బ్రేకు తొక్కి పట్టించి, వైరుని చోట చోట కదుపుతూ బల్బు వంక చూడండి. ఒక్క హెచ్చరిక: లేపిన తొట్టి కింద చేయి పెట్టేముందు బలమైన దుంగో ఇనుప దిమ్మో అడ్డం పెట్టాల్సిందే. జాకీ మీద, నూనె పైపు మీద భరోసా పెట్టుకోవద్దు.

కరీంనగర్_కర్షక్
అన్నా, ఈ దుంగ మాట పెద్దక్షరాలల్ల రాయాలె. లైటు పోతే మళ్ల ఏస్కోవచ్చు.

వరికుప్ప
దొరికింది. తొట్టి పిన్ను పక్కన, చెప్పిన చోటే. ఎర్ర వైరు తొడుగు గోరంత మేర ఊడి రాగి మెరుస్తోంది, ఎదురుగా ఛాసీ మీద చిన్న నల్ల మచ్చ. వైరు మార్చి పాము పైపు తొడిగి పెట్టాలనుకుంటున్నా. ఎంత వదులు ఉంచాలి?

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
తొట్టి పూర్తిగా లేపి ఉంచి, ఆ స్థితిలో వైరు బిగుసుకోకుండా ఒక జానెడు వేలాడేలా కట్టండి. దించాక అది పిన్నుకి దూరంగా, వెనక్కి మడత పడాలి, ముందుకి కాదు. పాము పైపు రెండు చివరలూ కిందికి చూడాలి, పైకి చూస్తే వాన నీళ్లు లోపల నిలుస్తాయి. హైడ్రాలిక్ పైపుతో కలిపి కట్టొద్దు, నూనె కారితే వైరు తొడుగు మెత్తబడుతుంది.

ముందు వైపు కూడా చూసుకోండి. ప్లగ్గు వైరు హుక్కు పైనుంచి పోవాలి. ట్రాక్టరుని ఎడమకి, కుడికి పూర్తిగా తిప్పి చూడండి. టైరుకి గానీ పీటీఓ షాఫ్టుకి (ట్రాక్టరు వెనక తిరిగే ఇరుసు) గానీ అందకూడదు.

బుల్లోడు_తణుకు
ఎల్ఈడీ లైట్లు వేసేస్తే ఈ బల్బుల గోల వదిలిపోతుంది కదా?

కొబ్బరాకు
వేస్తే మంచిదే. అదురుకి తీగ తెగదు, లాగే కరెంటు కూడా చాలా తక్కువ. కానీ ఇండికేటరు టకటకా వేగంగా కొట్టుకుంటుంది. పాత ఫ్లాషరు బల్బు లాగే కరెంటుని బట్టి నడుస్తుంది, కరెంటు తగ్గితే బల్బు పోయిందని వేగం పెంచుతుంది. లోడుతో సంబంధం లేని ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేస్తే సరి. కొందరు 6 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టరు అడ్డంగా పెడతారు, అది కాలిపోయేంత వేడెక్కుతుంది. ప్లాస్టిక్ మీద కాక ఇనుము మీద బిగించాలి.

బుల్లోడు_తణుకు
అంటే చివరికి ఫ్లాషరు మార్చాల్సి వచ్చింది! మొదటి రోజే చెప్పానా లేదా 😀

పంటకాలువ
వెనక డోరు ధడేల్మని పడేచోట లైటు పెడితే ఎల్ఈడీ అయినా గాజు పగలాల్సిందే. డోరు ఆగే చోటుకి పక్కకి జరిపి, 6 మిల్లీమీటర్ల కడ్డీతో గూడు వెల్డింగు చేయించండి. వెల్డింగు చేసేటప్పుడు ప్లగ్గు, బ్యాటరీ వైరు రెండూ తీసేయాలి. లైటు చుట్టూ సీలెంటు పూస్తే పైనా పక్కలా పూసి కింద వదలండి. లోపలికి చేరిన నీళ్లు దిగిపోవడానికి అడుగున ఉన్న బెజ్జం మూసేస్తే లైటు చేపల తొట్టి అవుతుంది.

చెరుకుతోట_అనకాపల్లి
అందరూ లైటు వెలగడం గురించే చెబుతున్నారు. చెరుకు వేస్తే గడలు వెనక్కి అడుగులకి అడుగులు వేలాడి లైట్లని మింగేస్తాయి. ఎంత ఎర్తు ఉండి ఏం లాభం? మేం చేసేది: ట్రక్కు వెడల్పుకి ఒక చెక్క పట్టీ, దాని మీద రెండు లైట్లు, ఎరుపు రిఫ్లెక్టర్లు, 7 వైర్ల కేబులుతో ట్రక్కు వెనక రెండో సాకెట్టుకి. లోడు కట్టాక పట్టీని గడల కొసన తాడుతో కట్టేస్తాం. ఖాళీ అయ్యాక విప్పి తొట్టిలో వేసుకుంటాం. గడ్డి లోడుకీ ఇదే పనికొస్తుంది.

రొయ్యలచెరువు
ఆ రెండో సాకెట్టు ఆలోచన బాగుంది. దాని 3వ పిన్నుకి కూడా వెనక దాకా లాగిన అదే ఎర్తు ఇవ్వాలి.

చెరుకుతోట_అనకాపల్లి
అవును, మొదట అది మర్చిపోయే చెక్క మీద లైట్లు వెలగలేదు. చెక్కకి ఎర్తు ఉండదు కదా. రిఫ్లెక్టివ్ టేపు కూడా తప్పక అంటించండి. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. తుప్పు గీకి, తుడిచి, పొడిగా ఉన్నప్పుడు అంటిస్తేనే నిలుస్తుంది. దారి మీద టైరు పంక్చరై బ్యాటరీ దిగినా, ఎదుటి వాడి హెడ్‌లైటుకి టేపు మెరుస్తుంది. బురద పట్టిన టేపు మాత్రం మెరవదు, బయల్దేరే ముందు గుడ్డతో ఒక తుడుపు.

సీనన్న_ఆటోఎలక్ట్రికల్స్
ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. ట్రాక్టరుకి బ్రేకు పెడళ్లు రెండు. కొన్నిటికి బ్రేకు లైటు స్విచ్చి ఒక పెడలు మీదే ఉంటుంది. దమ్ము చేశాక రెండు పెడళ్లనీ కలిపే లాకు వేయకుండా రోడ్డెక్కితే, స్విచ్చి లేని పెడలు తొక్కినప్పుడు లైటు రాదు. అంతకన్నా ముఖ్యం, ఒక్క చక్రానికే బ్రేకు పడి వెనక లోడుతో బండి అడ్డం తిరుగుతుంది. రోడ్డు మీద లాకు వేసే ఉండాలి. మంచు పట్టే తెల్లవారుజామున మన ట్రక్కు వెనక బైకు మీద వచ్చేవాడికి ఆ రెండు ఎర్ర లైట్లు తప్ప ఇంకేం కనపడవు.

వరికుప్ప
లాకు చూశాను, వేసే ఉంది. కొత్త వైరు, పాము పైపు అయిపోయాయి. తొట్టి పదిసార్లు లేపి దించినా ఫ్యూజు నిలబడింది. నిన్న రాత్రి లోడుతో మిల్లు దాకా వెళ్లొచ్చాం, వెనక మా తమ్ముడు బైకు మీద వచ్చి చూశాడు. బ్రేకు, ఇండికేటర్లు నిలకడగా ఉన్నాయట. గతుకుల దగ్గర కుడి ఇండికేటరు మాత్రం రెండుసార్లు తప్పిందన్నాడు. ప్లగ్గు చేత్తో నొక్కితే సరైపోతోంది.

పంటకాలువ
4వ పిన్ను వదులు. ఆ ఇత్తడి పిన్నులకి మధ్యలో నిలువుగా చీలిక ఉంటుంది. ప్లగ్గు పీకి, సన్న చాకు మొన ఆ చీలికలో పెట్టి వెంట్రుకవాసి తెరవండి. ఎక్కువ తెరిస్తే సాకెట్టులోకి దూరదు. ఏడింటికీ చేసేయండి, వాసిలిన్ రాసి పెట్టండి.

వరికుప్ప
చేశాను. ఇప్పుడు ప్లగ్గు పీకాలంటే కాస్త బలం పెట్టాల్సి వస్తోంది, లైటు మాత్రం ఎక్కడా తప్పట్లేదు. సీజను అయ్యాక ట్రక్కు పాకలో పెట్టేటప్పుడు వైర్లకి ఏమైనా చేయాలా?

కరీంనగర్_కర్షక్
ఎలుకలు. ప్లగ్గు వైరు చుట్ట చుట్టి నేల మీద వదలకు, హుక్కు పైన ఎత్తుల కట్టెయ్యి. తొట్టిల గింజలు లేకుంట ఊడ్వు.